తుప్పు పువ్వు

నాలుగు మడతలు పెట్టిన పాత కంబళి మీద ట్రేసింగు కాగితం పరిచి ఉంది. దాని మీద పెన్సిలుతో గీసిన మామిడిపిందెలు పన్నెండు. వరహాలు చెక్క పిడి బిగించిన సూదితో గీత వెంబడే పొడుచుకుంటూ పోతున్నాడు. తొమ్మిదిన్నరకి మొదలుపెడితే పదకొండయ్యేసరికి తొమ్మిది పిందెలయ్యాయి. మధ్యలో దగ్గు వచ్చినప్పుడల్లా సూది పైకెత్తి పట్టుకుని, దగ్గు ఆగాక ఆపిన చోటే మళ్ళీ దించుతున్నాడు.

మద్దిలపాలెం బస్సు డిపో ఎదురు సందులో ఉన్న ఆ ఎంబ్రాయిడరీ షాపులో అతనిది ఇరవైరెండేళ్ళ కొలువు. బొమ్మ గీస్తాడు, సూదితో పొడుస్తాడు, ఆ కాగితాన్ని చీర మీద పరిచి కిరసనాయిల్లో కలిపిన తెల్లపొడిని గుడ్డ ఉండతో రుద్దుతాడు. కాగితం తీస్తే బట్ట మీద చుక్కల బొమ్మ దిగి ఉంటుంది. దాన్ని మగ్గానికి బిగించి ఆశాజ్యోతి కుడుతుంది. కుట్టాక చుక్కలు కనిపించవు. చుక్కలు పెట్టిన మనిషి సంగతి ఇక ఎవరడుగుతారు?

సన్నటి మనిషి. మెడ మీద ఎప్పుడో రంగు పెచ్చు ఎగిరి కోసిన మచ్చ. రోజూ మల్కాపురం నుంచి బస్సులో వస్తూ కిటికీ పక్క సీటు కోసం ఇద్దర్నయినా తోసుకుని ఎక్కుతాడు. ఆ ఒక్క విషయంలోనే అతనికి మొహమాటం లేదు. రిఫైనరీ గొట్టాల మెలికలు, ఆరేసిన వలలు, పోర్టు క్రేన్ల ఇనప అల్లిక, ఏది కంటబడితే అది టిక్కెట్టు వెనక గీసుకుంటాడు. షాపులో జనం అడిగేది నెమళ్ళూ మామిడిపిందెలూను. అయినా ఊరుకోడు. క్రేను అల్లికని కాస్త ఒంచి, మూలల్లో మొగ్గలు పెట్టి జాలీ అంచు అన్నాడు. ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు పోర్టు క్రేన్లు కట్టుకుని పెళ్ళిళ్ళకి వెళ్ళొచ్చారు. ఒక్కరికీ అనుమానం రాలేదు.

అలా దొంగచాటుగా దాటించలేని బొమ్మ ఒక్కటే మిగిలిపోయింది.

ఇరవై రెండో ఏట అతను ఓడలకి రంగు చెక్కే పని చేసేవాడు. తాళ్ళకి కట్టిన పలక మీద ఓడ పక్కన వేలాడుతూ సుత్తితో పాత రంగు రాలగొట్టాలి. ఎరుపు పెచ్చు ఊడితే కింద బూడిద రంగు, దాని కింద ఆకుపచ్చ, దాని కింద ఇంకో ఎరుపు, నడి మధ్యన పుప్పొడిలా తుప్పు. దెబ్బ పడ్డ చోటల్లా ఒక పువ్వు విచ్చుకునేది. సాయంత్రానికి దాని మీద కొత్త రంగు పూసేసేవారు. కొత్తగా కాపురానికొచ్చిన జోగమ్మకి చూపిద్దామంటే ఆడవాళ్ళని గేటు దాటనివ్వరు. అందుకే ఒకరోజు సిమెంటు సంచీ కాగితం మీద గీసి ఇంటికి పట్టుకెళ్ళాడు. అతను గీసిన మొదటి బొమ్మ అదే. జోగమ్మ దాన్ని గుమ్మం వెలుగులోకి తిప్పి చూసింది.

"బాగుంది గానీ, ఇలాటిది సీర మీదుంటే ఎంత బాగున్ను!" అంది.

ఆ పని దగ్గునిచ్చింది, ఆ మాట ఈ వృత్తినిచ్చింది. షాపులో చేరిన వారంలోనే తుప్పు పువ్వుని పెద్ద కాగితం మీద గీసి, పొడిచి, మేకుకి తగిలించాడు. పక్కన తగిలించిన కాగితాలన్నీ పొడి మరకలతో ముసలివైపోయాయి. అది మాత్రం తెల్లగానే ఉంది.

పన్నెండింటికి షాపు యజమాని శ్రీరామ్మూర్తి వచ్చి కుర్చీలో కూలబడ్డాడు.

"సోమారం కంప్యూటర్ మిషనొత్తంది బావా. సీడీలో నాలుగు వేల డిజైన్లంట. ఇంక ఈ కాయితాలెందుకు? తీసీ."

"మరి నాను?"

"నువ్వు కూకుని సూడు. ఈ దగ్గుతో ఇంకెన్నాల్లు పొడుత్తావ్?"

"ఆ నాలుగు వేలల్లో తుప్పు పువ్వుంటాదా?"

శ్రీరామ్మూర్తి పగలబడి నవ్వాడు. "పట్టుసీర మీద తుప్పేటి బావా! ఎవులు కడతారు?"

ఈ మాటా ఇరవైరెండేళ్ళదే. అతను భోజనానికి వెళ్ళాక వరహాలు తుప్పు పువ్వు కాగితాన్ని మేకు మీంచి తీశాడు. ఇంటికి పట్టుకుపోదామని బల్ల మీద పెట్టి, పక్కనే పొడవడం పూర్తయిన మామిడిపిందెల కాగితం కూడా పెట్టాడు. మూడింటికి వంకాయరంగు పట్టుచీర కొంగు పరిచి, నాలుగు మూలలా రాళ్ళు పెట్టేసరికి కరెంటు పోయి సందులోని షాపు మసకబారింది. ఏ కాగితం ఏదో మామూలుగా వేళ్ళతో తడిమి చెప్పేస్తాడు. పొద్దుట్నించి పిడి నొక్కి నొక్కి వేళ్ళు మొద్దుబారి ఉన్నాయి. మరక లేని కాగితం అందుకున్నాడు, పరిచాడు, రుద్దాడు. ఆ రోజు బల్ల మీద మరక లేని కాగితాలు రెండున్నాయన్న సంగతి కాగితం ఎత్తాకే గుర్తొచ్చింది.

వంకాయరంగు మీద తుప్పు పువ్వు విచ్చుకుని ఉంది. వలయంలో వలయం, అంచులన్నీ చిరిగినట్టుగా, అచ్చం ఓడ పక్కన సుత్తి దెబ్బకి విచ్చుకున్నట్టే. పెట్రోలు గుడ్డతో తుడిచేస్తే నిమిషంలో పోతుంది. వరహాలు గుడ్డ తడిపి మూడుసార్లు చీర దాకా తెచ్చాడు. చెయ్యి రాలేదు.

మగ్గం దగ్గర్నించి ఆశాజ్యోతి లేచి వచ్చి చూసింది. "ఉండనీ బాబాయ్. ఈ సీర ఆవిడ అయిదింటికొత్తాది కదా, సూపిద్దాం."

"వొద్దంటాది."

"అంటే అప్పుడే తుడుత్తాను."

"అది నాను ఇనలేనమ్మా," అన్నాడు వరహాలు. పెట్రోలు సీసా చీర పక్కనే పెట్టాడు. మామిడిపిందెల కాగితం కూడా సిద్ధంగా ఉంచాడు. చెప్పులేసుకుని నాలుగున్నరకే బయల్దేరిపోయాడు. తుప్పు పువ్వు కాగితం తీసుకెళ్ళడం మరిచిపోయాడు. బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది గానీ బయటికి చూడలేదు. ఒక్క చీర, ఒక్క మనిషి ఒంటి మీద ఒక్కసారి ఉంటే చాలు దేవుడా అనుకుంటూ కళ్ళు మూసుకున్నాడు.

అయిదింటికి ఉక్కునగరం నుంచి వెంకటరమణమ్మ వచ్చింది. గోదావరి జిల్లా మనిషి. భర్తకి స్టీల్‌ప్లాంటులో ఉద్యోగం. కళ్ళజోడు సర్దుకుని కొంగు మీదికి వంగింది.

"నేను చెప్పింది మామిడిపిందెలు కదమ్మా? ఇదేం పువ్వు?"

ఆశాజ్యోతికి అబద్ధం తోచలేదు. "పొరపాటున పడిందండి. తుప్పు పువ్వండి. ఓడల మీద పూత్తాదంట."

వెంకటరమణమ్మ చాలాసేపు చూసింది. "మావారు రోజూ తుప్పుని తిట్టుకుంటూనే ఇంటికొస్తారు. ఇదింత బాగుంటుందని ఎప్పుడైనా చెప్పారా! ఉంచేయండి. పిందెలు ఇంట్లో మూడు చీరల మీదున్నాయి."

ఆశాజ్యోతి చెప్పులైనా వేసుకోకుండా బస్టాపుకి పరిగెత్తింది. మల్కాపురం బస్సు ఎప్పుడో వెళ్ళిపోయింది. వరహాలు ఇంట్లో ఫోను లేదు. పొద్దున్నే చెబుదాంలే అనుకుని, సంతోషం పట్టలేక ఆ సాయంత్రమే మొదటి రేకు కుట్టేసింది.

మర్నాడు తెల్లవారి జోగమ్మ టీ పెట్టి పిలిచింది. వరహాలు పలకలేదు. గోడవైపు తిరిగి, చెయ్యి తల కింద పెట్టుకుని, దగ్గు లేకుండా పడుకుని ఉన్నాడు.

మూడోనాడు ఆశాజ్యోతి తుప్పు పువ్వు కాగితం చుట్టి పట్టుకుని మల్కాపురం వెళ్ళింది. "ఆవిడ వొద్దన్లేదు పిన్నీ. ఉంచీమంది. ఆ మాట బాబాయి ఇన్లేదు," అని ఏడ్చింది.

జోగమ్మ కాగితాన్ని గుమ్మం వెలుగులోకి తిప్పి చూసింది. తర్వాత ఒళ్ళో పరుచుకుని అరచేత్తో నిమిరింది, ఇటు నుంచి అటూ, అటు నుంచి ఇటూ. ఎవరో పిలిస్తే కాగితం తీసి పక్కన పెట్టింది. దానికి అంటుకుని మిగిలిన పొడి రాలి, ఆమె ముదురు నీలం చీర మీద సగం పువ్వు తెల్లగా దిగింది.

ఆమె దాన్ని దులుపుకోలేదు. లోపలికి వెళుతూ ఆ మేర చీర కుచ్చెళ్ళు నలక్కుండా రెండు వేళ్ళతో ఎత్తి పట్టుకుంది. చాప మీద ఆ కాగితం, ఇరవైరెండేళ్ళకి మరక పడ్డ కాగితం, అంచులు చుట్టుకుంటూ ఉండిపోయింది.