ఊఁ కొట్టే మనిషి

డ్రైవరు పొద్దున్నే షాపు షట్టరు ఎత్తి, కుట్టుమిషను తుడిచి, దాని చుట్టూ మూడు స్టూళ్ళు వేసి బస్సు డిపోకి పోతాడు. స్టూళ్ళు ఆయన భార్య తలలోంచి బయటికొచ్చిన ముగ్గురికి. ఆమె దర్జీ. బల్బు మార్చబోయి కుర్చీ మీంచి పడి, తలకి దెబ్బ తగిలి, ఆస్పత్రి నుంచి వచ్చినప్పుడు ఆమె వెనకే వీళ్ళూ ఆటో దిగారు. ఏ పని తర్వాత ఏ పనో చెప్పే పెద్దాయన ఒకరు. కొలతలు మనసులో పట్టుకుని ఉండే చిన్నావిడ ఒకరు. తొందరపడ్డ చేతిని ఆపే ముసలావిడ ఇంకొకరు. ఈవిడకి వీధివాళ్ళే ఆగమ్మ అని పేరు పెట్టారు. బట్టలివ్వడానికొచ్చినవాళ్ళు "కాస్త జరగండి" అని వాళ్ళని దాటుకుని వెళ్తారు.

"ముగ్గురూ నిక్షేపంలా ఉన్నారు," అన్నాడు డాక్టరు. "ఒకరి మాట ఒకరికి చేరట్లేదు, అంతే. తలకి విశ్రాంతినివ్వండి."

ఆ 'అంతే'లోనే ఉంది అసలు కష్టమంతా. పెద్దాయన ముందు కొలత అంటుంటే ఆమె కత్తెర అందుకునేది. ఆగమ్మ ఆగమంటూనే ఉండేది, ఇస్త్రీపెట్టె కింద గుడ్డ మాడుతూనే ఉండేది. విశ్రాంతి అన్నారు కదా అని డ్రైవరు ఇంట్లో పెదవి విప్పడం మానేశాడు. బుద్ధిమంతుడే, పాపం. ఎదురుగా కూర్చున్న మనిషి మీదే బెంగ పెట్టుకుంటే ఆ సంగతి ఎవరితో చెప్పుకుంటాడు?

ఆదివారం దర్జీ అక్క ఖాళీ సంచితో దిగింది.

"నువ్వు బస్సు తోలుకుంటూ పోతే ఇది ఇల్లు తగలబెడుతుంది, మరిదీ. మా ఇంటికి తీసుకుపోతాను."

"సాయంత్రంలోగా ఒక్క చొక్కా సొంతంగా కుడితే ఉండనివ్వండి, వదినా."

"కుట్టమను, చూద్దాం."

దర్జీ నీలం గుడ్డ పరిచింది.

"ముందు కొలతలు," అన్నాడు పెద్దాయన. మిగతా ఇద్దరికీ ఆ మాట చేరలేదు. ఆమె చెయ్యి కత్తెర మీదికి పోయింది. డ్రైవరు పాత అలవాటు కొద్దీ "ఊఁ" అన్నాడు.

పడకముందు ఆమె చేసే పనంతా పైకి చెప్పుకుంటూ కుట్టేది. ఈయన పేపరు చదువుతూ ఊఁ కొట్టేవాడు. వినకుండా కొట్టే ఊఁ ఎందుకని రోజూ తిట్లు తినేవాడు.

ఆ ఊఁ వినగానే చిన్నావిడ పెద్దాయన వైపు తిరిగింది. "ఛాతీ ముప్పై ఎనిమిది," అంది.

"ఊఁ."

"ఆగు, మడత సరిచెయ్యి," అంది ఆగమ్మ.

"ఊఁ."

దర్జీ ఆగింది. మడత సరిచేసింది.

మధ్యలో ఆయన మంచినీళ్ళకి లేస్తే కత్తెర పక్కదారి పట్టబోయింది. మళ్ళీ కూలబడ్డాడు, దాహంతోనే, ఒక్క మాటా పోనివ్వకుండా వింటూ.

సాయంత్రానికి చొక్కా అయింది. కాలరు కొంచెం వంకర. అక్క దాన్ని తిరగేసి, బోర్లేసి చూసింది.

"మరి రేపు నువ్వు డ్యూటీకి పోతే?"

ఇరవై ఏళ్ళ రూటు. ప్రతి మలుపూ ఆయన చేతుల్లో ఉంది.

"బస్సుకి ఇంకొకడు దొరుకుతాడు, వదినా," అన్నాడు.

అక్క ఖాళీ సంచి మడిచి చంకలో పెట్టుకుంది.

సోమవారం ఏడున్నరకి ఆ బస్సు షాపు ముందునుంచి పోయింది, స్టీరింగు దగ్గర ఎవరో కుర్రాడు. డ్రైవరు వాకిట్లోకి వచ్చి, అది మలుపు తిరిగేదాకా చూస్తూ నిలబడ్డాడు. లోపల మిషను ఆగింది. ఈసారి ఆగమ్మ ఆగమనలేదు, దర్జీయే ఆగింది.

"ఏవండీ, ఎక్కడున్నారు?"

పడ్డ తర్వాత ఆమె ఆయన్ని పిలవడం అదే మొదటిసారి.

"ఇక్కడే," అన్నాడు.