పొగమంచు తినే లంగరు

పొద్దున్నే వెనక తలుపు తీయడం లొరెట్టా పని. టీ కాచడం ఆమె అక్క ఫిలొమీనా పని. తలుపు తీయగానే రేవు మీది పొగమంచు మెట్లెక్కి లోపలికొచ్చి, పొయ్యి పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చునేది. ఎండ పొడ కనిపించేదాకా ఉండి లేచి వెళ్లేది. వెళ్తూ వెళ్తూ ఏదో ఒకటి పట్టుకుపోయేది. పడుచువాళ్ల ఇంట్లో అయితే చేతి తొడుగో, మేజోడో. ముసలివాళ్ల ఇంట్లో అయితే ఒక మాట. న్యూఫౌండ్‌లాండ్‌లో ఆ తీరం పొడుగునా ఇంతే. పొరుగావిడ గరిటె అరువు తీసుకున్నట్టు, ఇవాళ కాకపోతే రేపు తెచ్చిస్తుందిలే అని ఎవరూ పట్టించుకునేవారు కాదు.

ఫిలొమీనా దగ్గర తీసుకున్నవి మాత్రం కొన్నాళ్లుగా తిరిగి రావడం లేదు.

"ఆ అది ఇటు అందియ్యి లొరెట్టా. రొట్టె మీద రాసుకునేది."

"వెన్న."

"వెన్న అని నాకు తెలుసులే. నీకు తెలుసో లేదో చూద్దామని."

ఆ వసంతంలో చేపలు ఎండేసే చెక్క మంచె కింద ఒక పిల్లికూన దొరికింది. మూడు రంగులది. తల్లి ఏమైందో ఎవరికీ తెలీదు. పాలు మరిచే వయసులో దాని నోటికి అందింది పొగమంచు ఒక్కటే. తిండి అంటే అదే కాబోలు అనుకుంది. అక్కచెల్లెళ్లు ఇంటికి తెచ్చి కాడ్ చేప వేయించి పెట్టారు, డబ్బా పాలు పోశారు, గుడ్డు ఉడకబెట్టి చిదిమి పెట్టారు. అన్నీ వాసన చూసింది. ఒక్కోదాని పక్కన కాసేపు కూర్చుంది కూడా, వాళ్లు నొచ్చుకోకుండా. తర్వాత కుర్చీ ఎక్కి, పొగమంచును అంచు నుంచి కొరుక్కుని తినడం మొదలుపెట్టింది.

తింటూ తింటూ మధ్యలో ముల్లు తగిలినట్టు ఆగి, తల విదిలించి ఏదో ఉమ్మింది. అదే క్షణంలో పొయ్యి దగ్గర నుంచి ఫిలొమీనా అంది:

"దువ్వెన."

"ఏంటక్కా?"

"దువ్వెన. ఇన్నాళ్లూ దాన్ని తల గోకేది అంటున్నాను చూడు."

లొరెట్టా పిల్లి వంక చూసింది, అక్క వంక చూసింది. మర్నాడు తలుపు ఇంకా పెందరాళే తీసింది. ఆ నెలలో ఫిలొమీనాకు తాళంచెవి, మంగళవారం, మేనత్త పేరు, ఆ మేనత్తతో పడకపోవడానికి కారణం, అన్నీ ఒక్కొక్కటిగా తిరిగొచ్చాయి.

చిక్కేమిటంటే పిల్లి తేలికైపోతోంది. మొదట్లో నేల మీద అడుగుల చప్పుడు వినబడటం మానేసింది. తర్వాత కాళ్లు చాప మీద ఆనడమే మానేశాయి. పక్కింటి లియాండర్, పడవ అమ్మేసుకుని ఊళ్లో విశేషాలు చూసుకుంటూ తిరిగే మనిషి, చూడ్డానికొచ్చాడు. వంగి, దాని కడుపు కింద చెయ్యి పోనిచ్చి ఇటు నుంచి అటు తీశాడు.

"పేరేం పెట్టారు?"

"ఇంకా పెట్టలేదు."

"అయితే లంగరు అని పెట్టండి. కాస్త సిగ్గన్నా వస్తుంది దానికి." అతను జేబులోంచి గాలానికి కట్టే సీసపు గుండు తీసి, ఉన్ని దారంతో దాని మెడకు కట్టాడు. "నవ్వులాట కాదు ఫిలొమీనా. మా తాత చిన్నప్పుడు ఇట్లాంటిదే ఒకటి ఉండేదట. ఆగస్టులో పొగమంచు సముద్రం మీదికి మళ్లుతుంది చూడు, దాంతోపాటే పోయింది. కనుచూపు దాటేదాకా మ్యావ్ మంటూనే ఉందట."

వారం తిరక్కుండానే లంగరు ఆ గుండుతో సహా పైకి తేలింది. ఫిలొమీనా పట్నంలో ఉన్న పశువుల డాక్టరమ్మకు ఫోన్ చేసింది.

"ఏం తింటోందమ్మా?"

"పొగమంచు."

"చిక్కటిదా, పల్చటిదా?"

"చిక్కటిదే. పల్చటిది ముట్టదు మా మూడు రంగులది."

"మూడు రంగులదా? అయితే ఆడపిల్లే. మొండిదే అయ్యుంటుంది. ఒక్కసారిగా మాన్పించకండి, పస్తు పడుకుంటుంది. పిల్లి పస్తుంటే కాలేయం చెడిపోతుంది. మూడొంతులు పొగమంచులో ఒక వంతు చేప కలపండి. అది అలవాటయ్యాక సగం సగం. ఆ తర్వాత తిరగేయండి. గోరువెచ్చగా పెట్టండి. పెట్టేసి పక్కకు వచ్చేయండి, ఎదురుగా కూర్చుని బతిమాలకండి."

అది కాపెలిన్ చేపల కాలం. వేలెడంత చేపలు అలలతోపాటు గులకరాళ్ల మీదికి పొర్లుకొచ్చి పడుతున్నాయి, ఊరంతా బకెట్లతో ఒడ్డునే ఉంది. ఫిలొమీనా నాలుగు చేపలు ఉడకబెట్టి, ముళ్లు తీసి మెదిపేది. కుర్చీలోంచి గరిటెతో పొగమంచు తోడి, గిన్నెలో వేసి కలిపి, చెదిరిపోకుండా పళ్లెం మూత పెట్టేది. మొదటి రోజు లంగరు పొగమంచంతా తిని, ఉప్మాలో కరివేపాకు ఏరి పెట్టినట్టు చేపను గిన్నె అంచున వరసగా పెట్టి వెళ్లింది. తర్వాత ఒక తునక పొరపాటున మింగింది. మింగి చాలాసేపు గోడకేసి చూస్తూ కూర్చుంది. ఆ మర్నాడు పొరపాటు కాదు.

సగం సగం దాకా వచ్చింది. అయినా కాళ్లు నేలకు దిగలేదు. అదేం విచిత్రమో ఫిలొమీనాకు అంతుపట్టలేదు. గిన్నె ఖాళీ అవుతోంది, చేప కడుపులోకే పోతోంది, బరువు మాత్రం రావడం లేదు. ఒక పొద్దున పొయ్యిలోకి కట్టెలు తెద్దామని కొట్టం వెనక్కి వెళ్తే, అక్కడ లొరెట్టా కనిపించింది. ఏప్రాన్ నిండా పొగమంచు పోగేసుకుని లంగరు చేత తినిపిస్తోంది.

"ఏం చేస్తున్నావే?"

"కనబడట్లా? తిండి పెడుతున్నా."

"ఆగస్టులో ఎగిరిపోతుందే అది."

"పోతే పోనీ. ఈ ఊళ్లో పిల్లులకేం కరువా?" లొరెట్టా తలెత్తలేదు. "పోయిన క్రిస్మస్ ముందు నేను కొట్టు నుంచి వచ్చేసరికి నువ్వు తలుపు తీసి ఏమన్నావో తెలుసా? 'రామ్మా కూర్చో, మా చెల్లెలు ఇంట్లో లేదు, వచ్చేస్తుంది' అన్నావు. సరే, కూర్చున్నా. టీ ఇచ్చావు. బిస్కెట్లు కూడా పెట్టావు."

ఫిలొమీనా కట్టెల మీద కూర్చుంది.

"మంచి బిస్కెట్లేనా?"

"ఆ. నాకెప్పుడూ పెట్టనివి."

"నా మాటలు నేను బోలెడంత కాలం వాడుకున్నాను లొరెట్టా," అంది ఫిలొమీనా. "దానికింకా ఏడాది నిండలేదు."

"నీ మాటల్లో నా పేరుంది. అది నువ్వొక్కదానివే వాడుకునేది కాదు."

ఈ మాటల్లో ఉండగా ఏప్రాన్ ఖాళీ అయింది. లంగరు కొట్టం చూరు దాటి, సీసపు గుండు వేలాడేసుకుని, తీరిగ్గా సముద్రం వైపు పోతోంది. ఫిలొమీనా లేచి చెయ్యి చాచింది గానీ అందలేదు. లొరెట్టాయే కట్టెల గుట్ట ఎక్కింది, మోకాలి నొప్పులతో ఏడాదిగా మేడమెట్లు ఎక్కని మనిషి. ఎక్కి, ఎగిరి, తోక పట్టుకుంది. కట్టెలతోపాటు జారి కింద పడింది గానీ తోక వదల్లేదు.

ఆ మధ్యాహ్నం గిన్నె తనే కలిపింది. ఒక వంతు పొగమంచు, మూడొంతులు చేప. కలిపేటప్పుడు గరిటె గట్టిగా తగిలించింది గానీ కొలత తప్పలేదు.

జూలై దాటేసరికి వంటింటి చెక్కల మీద లంగరు గోళ్లు టిక్కు టిక్కుమనడం మొదలైంది. లియాండర్ వచ్చి కడుపు కింద చెయ్యి పెట్టబోతే పట్టలేదు. "ఇహ దీనికి పేరు నప్పింది," అని సీసపు గుండు విప్పి జేబులో వేసుకున్నాడు. దాంతోపాటే ఫిలొమీనాకు పోయిన మాటలు తిరిగి రావడం తగ్గిపోయింది. వెన్న మళ్లీ పోయింది. మంగళవారం పోయింది.

పూర్తిగా చేప మీదికి మార్చమంటే మాత్రం లంగరు ఒప్పుకోలేదు. మనకు చివర్లో మజ్జిగ పడకపోతే భోంచేసినట్టుండదు చూడండి, దానికీ చేపంతా తిన్నాక ఒక్క ముద్ద పొగమంచు ఉండాల్సిందే. డాక్టరమ్మ విని, బరువు నిలబడుతోంది కదా, ఆ ఒక్క ముద్దా ఉండనివ్వండి అంది.

ఆగస్టులో పొగమంచు సముద్రం మీదికి మళ్లే రోజు వచ్చింది. కుర్చీలోంచి లేచి తలుపు దగ్గర ఆగింది. లంగరు కడుపు నిండా తిని, ఒళ్లు విరుచుకుని, నింపాదిగా వెళ్లి దాని అంచు ఒక్క ముద్ద కొరికింది. చాలాసేపు నమిలింది. తల విదిలించి ఉమ్మింది.

ఫిలొమీనా చెల్లెలి వంక తిరిగింది.

"గుండీ."

"ఏ గుండీ? ఎక్కడ ఊడింది?" లొరెట్టా తన స్వెట్టర్ తడుముకుంది.

"ఊడటం కాదే, నిన్నే. గుండీ."

చిన్నప్పుడు నాన్న కోటు గుండీ మింగినందుకు ఇంట్లో అలా పిలిచేవారు. ఆమె బడికి వెళ్లినప్పటి నుంచీ ఎవరూ పిలవలేదు. లొరెట్టా టీ కప్పు కింద పెట్టి, మళ్లీ తీసుకుని, మళ్లీ పెట్టింది. "ఏంటక్కా," అంది.

చలికాలం వచ్చేసరికి లొరెట్టా అన్న పేరు ఫిలొమీనా దగ్గర నుంచి పోయింది, తిరిగి రాలేదు. గుండీ మాత్రం ఒక్కరోజు కూడా తప్పిపోలేదు. తలుపు తీసి "ఎక్కడికెళ్లావే గుండీ ఇంతసేపూ" అని కసురుకునేది, మంచి బిస్కెట్లు దాచేసేది. అది విని లియాండర్ సరదాకి లొరెట్టా గుండీ అన్నాడు. పోస్టాఫీసు పిల్ల గుండీ లొరెట్టా అంది. మంచు కరిగేసరికి ఊరంతటికీ ఆమె గుండీ అత్త.

మొదట్లో ఆ పేరుకు పలకడానికి ఆమెకు కాస్త ఆలస్యమయ్యేది. ఇప్పుడు వీధిలో ఎవరైనా లొరెట్టా అని పిలిస్తే, వెనక ఎవరో ఉన్నారనుకుని పక్కకు తప్పుకుని దారిస్తుంది.