ట్రాన్స్‌ఫార్మర్ నూనె

ఎర్రప్ప కాలు ఒకచోట నిలవడం లేదు. ట్రాన్స్‌ఫార్మర్ దిమ్మె చుట్టూ తిరుగుతాడు, గట్టెక్కి తన వేరుశనగ వైపు చూస్తాడు, మళ్లీ వచ్చి, పట్నం నుంచి వచ్చిన మేడమ్ ముందున్న వేడి కొలిచే పెట్టెలోకి తొంగి చూస్తాడు. కాయ పట్టడానికి ఊడలు నేలలోకి దిగే పైరు. పొద్దెక్కకముందే ఆకు ముడుచుకుంటోంది. ఇంకో వారం తడి లేకపోతే చేను మేకలకే.

ట్రాన్స్‌ఫార్మర్ ఆ ఏడు రెండుసార్లు కాలింది. రెండోసారి బాగు చేయించుకొచ్చాక ఊరంతా ఒక్కమాటైంది: తప్పు ఎర్రప్ప మోటారుదే, అందరికంటే పెద్దది అదే కదా. పక్కచేను దివాకర్ దగ్గరుండి మరీ అతని తీగ పీకించాడు.

ఉమాదేవి మేడమ్ అనంతపురంలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతుంది. నూనెలో వేడి ఎట్లా పారుతుందో కొలవడం ఆమె పని. బాగుచేసేటప్పుడే వెంట్రుకల్లాంటి గాజుతీగలు లోపలికి దింపించింది, పైన ఒకటి, నూనె చల్లారే పక్క గొట్టంలో ఒకటి. గాజు కాబట్టి కరెంటు పాకదు. అందులోకి పంపిన వెలుగు వేడిని బట్టి మారి తిరిగొస్తుంది, ఎంత వేడో పెట్టె చెబుతుంది.

"ఏం మామా, నీ మోటారు గుట్టు ఈ పొద్దు బయటపడతాది," అన్నాడు దివాకర్.

"పడనీలేరా. నాది లేకున్నా కాగితే ఎవురి తీగ పీకుతావు? నీదేనా?"

తక్కిన మోటార్లన్నీ వేశారు. పైతీగ అంకె ఎక్కసాగింది. ఎక్కుతూనే ఉంది. గొట్టంలోని తీగ మాత్రం నీడన పడుకున్నట్టు కదల్లేదు.

"ఆపేయండి!" అని మేడమ్ లేచింది. లైన్‌మన్ తిప్పేస్వామి స్విచ్ దించాడు.

"ఎర్రప్ప మోటారు కాదు. కాగిన నూనె పైకి లేచి, గొట్టాల్లోకి పోయి, చల్లారి అడుగుకు దిగాలి. ఇక్కడ తిరగడమే లేదు. నూనె గొట్టం నోటికన్నా కిందికి పోయుంటుంది. కారిన మరక కూడా లేదే, ఏమైంది?"



ఎర్రప్ప సంతోషంతో కేక వేయబోయి ఆగాడు. తన మంచం కింది సీసా గుర్తొచ్చింది. మోకాలి నొప్పికి ఈ నూనెను మించిన మందు లేదని ఆ చుట్టుపక్కల నమ్మకం. కరెంటు లేని పూట చూసి, కింది కుళాయి తిప్పి, పెళ్లాం హనుమక్క కోసం ఒక సీసా పట్టుకుపోయాడు. ఒక్కటంటే ఒక్కటే. దానికే ఇంత తగ్గుతుందా? చుట్టూ చూశాడు. దివాకర్ నేల చూస్తున్నాడు. తిప్పేస్వామి ఆకాశం చూస్తున్నాడు.

అంతలో హనుమక్క సంగటి గంప నెత్తిన పెట్టుకుని కుంటుతూ వచ్చింది. ఆమెకంటే ముందు ఆ నూనె వాసన వచ్చింది. దివాకర్ తలెత్తాడు.

"దొంగ దొరికినాడప్పా!"

"ఔరా, దొరికినా. ఒక సీసా తీసకపోయినా. మీయమ్మ కాలికి రాసేది యాడిది? నువ్వు ఈడనే ఉండు, నేను మీ ఇంట్లో చూసొస్తా."

దిమ్మె పక్కన కూర్చున్న సుంకమ్మవ్వ చీర అంచు మోకాలిదాకా లాగింది. "నా కాలికీ ఉండాది. ఏం జేయమంటారు, పిండి పోయమంటారా?"

ఎవరో పకపకా నవ్వారు. మేడమ్ నవ్వు ఆపుకుంది.

"అది ఇంక పనికిరాదు. కొత్త నూనె వచ్చేదాకా ఒక్కో మోటారే వేయండి. అంకె మరీ ఎక్కితే ఆపేయాలి. ముందు ఎవరిది?"

తిప్పేస్వామి ఎవరినీ అడగలేదు. ఎర్రప్ప తీగ తెచ్చి తగిలించి స్విచ్ ఎత్తాడు.

బోరు దగ్గర నీళ్లు పడ్డ చప్పుడు వినిపించింది. ఎర్రప్ప చేనివైపు రెండడుగులు వేసి, వెనక్కొచ్చి పెట్టె ముందు గొంతుకూర్చున్నాడు. అంకె మెల్లగా కదిలింది. అతనికి లేవబుద్ధి కాలేదు.

"నీళ్లు కట్టుకోపో మామా, చూస్తాండావేమి?" అన్నాడు దివాకర్.

"నేను పోతే ఈడ ఎవురన్నా ఆపేస్తారు."

దివాకర్ కాసేపు గొణుక్కుని, ఎర్రప్ప పార భుజాన వేసుకుని కదిలాడు.

"ఒరే," అన్నాడు ఎర్రప్ప, పెట్టె మీంచి చూపు తిప్పకుండానే, "నా చేన్లోకే తిప్పు. నీ దాంట్లోకి కాదు."