బియ్యంలో చీటీ

నాచారం క్రీస్తు గుడిలో కోతకాల పండుగనాడు పిడికెడు బియ్యం సంచులన్నీ బల్ల ముందర పెడతారు. ఏడాది పొడుగునా వంటకు ముందు ఇంటింటా తీసి దాచిన బియ్యం అది. ప్రతి సంచిలో పేరు రాసిన చీటీ ఉంటుంది. పాస్టరు అయ్యగారు చీటీ తీసి మైకులో పేరు చదవగానే గుడంతా చప్పట్లు. నిరుడు అరుణకుమారి పేరుకు మోగిన చప్పట్లు విక్టోరియా చెవుల్లోంచి ఇంకా పోలేదు. విక్టోరియా నలుగురిలో నోరు పెగలని పిల్ల. పాటల గుంపులో ఎప్పుడూ వెనక వరసే. ఈసారి మాత్రం తన పేరు మైకులో మోగాల్సిందే!

అందుకే అమ్మ తీసే పిడికెడుకు తోడు, తన వంతు అన్నం తగ్గించుకుని ఇంకో పిడికెడు వేస్తూ వచ్చింది. సంచి నిండింది. గుండ్రటి అక్షరాలతో పేరు రాసి, చీటీని బియ్యంలోకి దూర్చింది.

పండుగ ఆదివారం అమ్మ మరియమ్మ గుడి ఊడ్వడానికి ముందే వెళ్ళింది. విక్టోరియా సంచి చంకన పెట్టుకుని గడప దాటిందో లేదో, పక్కింట్లో టపటపా చప్పుడు. శ్యామలమ్మ బియ్యం డబ్బా బోర్లించి అడుగు తడుతోంది. ఆమె భర్త కనకరాజు పనిచేసే మల్లాపూర్ కంపెనీకి తాళం పడి రెండు నెలలైంది. చేటలో పట్టుమని పది గింజలు రాలలేదు. ఆమె కొంగుతో మొహం తుడుచుకుని, బిందె తీసుకుని బోరింగుకు నడిచింది.

విక్టోరియా గుడివైపు ఒక అడుగు వేసింది. రెండో అడుగు పడలేదు.

"ప్రభువా, నువ్వు చూస్తున్నవ్ గదా" అని గొణుక్కుని, సంచి ఆ గడప లోపల పెట్టి ఒకటే ఉరుకు! ఒళ్ళంతా తేలిపోతున్నట్టు. ఎవరూ చూడలేదు, పైనున్న ఒక్కడు తప్ప!

బస్టాపు దగ్గర కాళ్ళు టక్కున ఆగాయి. చీటీ! కనకరాజు చదివాడంటే పొద్దుగూకేలోగా బస్తీ అంతా చాటుతాడు. దేవునికీ తనకూ మధ్య మాట బజారున పడుతుంది. లంగా ఎత్తిపట్టి వెనక్కి ఉరికింది.

శ్యామలమ్మ అప్పుడే బియ్యం చేటలో పోసుకుని రాళ్ళు ఏరుతోంది.

"అత్తా, నేను ఏరుతా!"

"ఏందే పోరీ, గట్ల రొప్పుతున్నవ్? మీ గుడి గంట కొట్టిన్రు గదా!"

"జరసేపే అత్తా."

"ఎవరో పెట్టి పోయిన్రు, సూడు. ఎవరో తెలిస్తే బస్తీ నడుమ నిలబెట్టి దండ ఎయ్యనా!"

విక్టోరియా వేళ్ళకు చీటీ తగిలింది. దండ! బస్తీ నడుమ! నాలుక కొసదాకా వచ్చింది 'నేనే అత్తా' అన్న మాట. పళ్ళు బిగించి పిడికిలి మూసింది.

"ఏంది గది?"

"కాయితం ముక్క."

"పారెయ్యి మరి."

"పారేస్తా అత్తా!" అంటూనే వీధిలో పడింది.

గుడిలోకి వెళ్ళేసరికి పేర్లు సగం అయిపోయాయి. అరుణకుమారి మోచేత్తో పొడిచింది. "నీ సంచేది? ఏడాదంతా దాచి మీరే వండుకున్నరా?" చుట్టూ పిల్లలు కిసుక్కున నవ్వారు. ఇంకెప్పుడైనా అయితే ఏడ్చేసేదే. ఇవాళ ఆపుకోలేక తనూ నవ్వింది.

ఆఖరి పేరు అయిపోయింది. మరియమ్మ మొహం వాడిపోయింది. దగ్గరికొచ్చి చెవిలో అడిగింది:

"బియ్యం ఏవి బిడ్డా?"

"ముట్టినయి అమ్మా."

"ఎవరికి?"

విక్టోరియా పైకి చూసింది. మరియమ్మ మరి అడగలేదు.

ఇంతలో పాట మొదలైంది. వెనక వరసలోంచే విక్టోరియా గొంతెత్తింది. చప్పట్లు కొడదామని పిడికిలి విప్పితే, చెమటకు నానిన చీటీలో నీలం సిరా తప్ప అక్షరం మిగల్లేదు.