నాలుగు గ్రాముల వెంట్రుక

నేను ఒక వెంట్రుకని. కంగారు పడకండి, ఎవరి అన్నంలోనూ రాలేదు, ఎవరి నెత్తిమీదా మొలవలేదు. ప్రయోగశాలలో ముద్దుకి అలా పిలుస్తారు గానీ, పుట్టుకకి నైలాన్ పోగుని. ప్లాస్టిక్ పిడి చివర అడ్డంగా గుచ్చి, పక్కన నాలుగు అని అంకె అచ్చువేశారు. అంటే, నన్ను దేనిమీదైనా నిలబెట్టి నొక్కితే సరిగ్గా నాలుగు గ్రాముల దగ్గర నడుం వంచేస్తాను. అంతకు పిసరంత ఎక్కువ కూడా మొయ్యను. నన్ను గవర్నమెంటు ఉద్యోగంలోకి ఎలా తీసుకున్నారో ఇప్పుడు అర్థమైందా!

నా పని నొప్పి ఉందా అని అడగడం. జాలీ బల్ల మీద ఎలకని నిలబెట్టి, కింద నుంచి నా కొసతో దాని అరికాల్లో పొడుస్తారు. కాలెత్తితే నొప్పి. ఎత్తకపోతే నొప్పి లేదని మనమే ఒప్పి రాసేసుకోవడం. పదహారేళ్లు అలా అడిగాను. ఏ జవాబూ నాకు తగల్లేదు. పోటు పొడవడమే గానీ పోటంటే ఏమిటో నాకు తెలీదు. నొప్పి గురించి సభల్లో మాట్లాడేవాళ్లలో నా చుట్టాలు చాలామందే ఉన్నారు లెండి.

ఎక్కడో చలిదేశపు ఫ్యాక్టరీలో నన్ను కరిగించి, లాగి, తెగ్గోసి, తూచి, ఇరవైమందిని ఒకే పెట్టెలో పడుకోబెట్టారు. తమ్ముళ్లు సాలెపోగంత సన్నం, అన్నలు గేలం దారమంత లావు. విశాఖపట్నంలో కొండమీది ఒక పరిశోధన సంస్థకి వచ్చిపడ్డాం. మొదటి యజమాని ఒక ప్రొఫెసర్‌గారు. వాడితే అరిగిపోతామని అద్దాల బీరువాలో పెట్టి, వచ్చినవాళ్లకి చూపించేవారు. నాలుగేళ్లు మేం ఎవరినీ ఏమీ అడగలేదు. దేశంలో నొప్పి కూడా ఏమీ తగ్గలేదు. ఆయన రిటైరైన రోజున బీరువా తాళంచెవి తన శిష్యురాలి చేతిలో పెట్టి వెళ్లిపోయారు.

ఆవిడే డాక్టర్ పిల్లా మందాకిని. పేరులోనే మందుంది, దాన్ని సీసాలోకి దింపడానికే ఆవిడ జీవితం సరిపోయింది. నరాల శాస్త్రవేత్త. నరుల సంగతే పట్టదని తోటివాళ్ల ఫిర్యాదు. క్యాంటీన్‌కి రారు, పెళ్లిళ్లకి వెళ్లరు, ఎవరైనా "బాగున్నారా" అంటే ఆ ప్రశ్నకి కొలత ఏమిటా అని ఆలోచిస్తారు. ఆవిడని పట్టుకుని వదలని ప్రశ్న ఒక్కటే. గాయం మానాక కూడా నొప్పి ఎందుకు మానదు?

వెన్నుపాములో నరాల చుట్టూ కాపలా కణాలు కొన్ని ఉంటాయట. దెబ్బ తగిలినప్పుడు ఉలిక్కిపడి లేస్తాయి. దెబ్బ మానిపోయినా కొందరిలో అవి మళ్లీ పడుకోవు. చీమ పాకినా తేలు కుట్టిందని మెదడుకి కబురు పంపుతూనే ఉంటాయి. వెన్నుపాము కదా, ఊరకే ఉన్నా బుసకొడుతుంది! వాటిని జోకొట్టే మందు ఉండితీరుతుందని ఆవిడ నమ్మకం. పెద్దలు నవ్వారు. "కొండకి వెంట్రుక కట్టి లాగుతున్నావమ్మా. వస్తే కొండ, పోతే వెంట్రుక" అన్నారు. పోయేది నేనే కాబట్టి ఆ సామెత నాకంతగా రుచించలేదు. ఆవిడ మాత్రం లాగుతూనే ఉన్నారు.

ఎలకల గదికి పెద్దదిక్కు పైడయ్య. యాభై ఎనిమిదేళ్లు. పూర్వం చేపల రేవులో పనిచేసేవాడు. అక్కడ ఐసుదిమ్మ ఒకటి జారి ఎడమ పాదం మీద పడింది. ఎముక అతికింది, తోలు మూసుకుంది, పన్నెండేళ్లు గడిచాయి. పైడయ్య ఉద్యోగం ఇంకా టెంపరరీయే గానీ నొప్పి మాత్రం పర్మనెంటు అయి కూర్చుంది. దుప్పటి అంచు తగిలినా కాగిన నూనె పడ్డట్టు లేస్తాడు. చెప్పు తొడగలేడు. ఎవరైనా అడిగితే, "కాలు బాగానే ఉందండి బాబూ, కాల్తన్నాది, అదే బాగునేదు" అనేవాడు. మందాకినిగారు ఆ మాట దాటుకుని ఎలకల దగ్గరికి వెళ్లిపోయేవారు.

పదిహేడో నంబరు మందు దగ్గరికి వచ్చేసరికి ఆవిడకి జుట్టు నెరిసింది. ప్రయోగం పెద్ద చిక్కేం కాదు. ఎలక కాలి నరానికి వదులుగా ముడి వేస్తే నెలల తరబడి నొప్పి ఉంటుంది. సగం ఎలకలకి ఉప్పునీళ్లు, సగం ఎలకలకి మందు. రెండు గుంపులనీ ఒకే రోజుల్లో నాతో పొడిచి చూడాలి. అదీ ధర్మం. కానీ మందు కస్టమ్స్‌లో ఇరుక్కుపోయింది, సమీక్ష కమిటీ ముంచుకొస్తోంది. సరే, ఉప్పునీళ్ల గుంపుని సెప్టెంబరులోనే కానిచ్చేశారు. మందు దసరాకి దిగింది.

మా సంస్థలో ఆయుధపూజ ఘనంగా జరుగుతుంది. మైక్రోస్కోపుకి బొట్టు, ఫ్రిజ్జుకి నిమ్మకాయ, కంప్యూటర్‌కి బంతిపూల దండ. మా పెట్టె మీద కూడా పసుపునీళ్లు చిలకరించి కుంకం పెట్టారు. ఏటా అక్కడితో సరి. ఆ ఏడు పైడయ్యకి సరిపోలేదు. ఆ రోజు నుంచీ సాయంత్రం మందాకినిగారు వెళ్లిపోగానే, తడి ఓడుతున్న బంతిపువ్వు ఒకటి పెట్టెలో మా పక్కన పెట్టి, దణ్ణం పెట్టుకుని మూత బిగించేవాడు. పొద్దున్నే ఆవిడ రాకముందే తీసేసేవాడు. చూస్తే నవ్వుతారని బిడియం.

నైలాన్‌కి ఒక్కటే దురలవాటు, తడి తాగడం. రాత్రల్లా తాగితే తెల్లారి ఎవరి నడుం మాత్రం నిలుస్తుంది? నాలుగు దగ్గర వంగాల్సినదాన్ని రెండున్నరకే వంగిపోతున్నాను. నెలకోసారి నన్ను త్రాసు మీద నొక్కి చూసుకోవాలి. ఆ నెల పండగ, తర్వాత కమిటీ, తర్వాత తొందర. ఎవరూ చూడలేదు.

మందు వేసిన ఎలకలు కాలెత్తలేదు.

"ఒక్కటీ ఎత్తట్లేదు పైడయ్యా!" అన్నారు మందాకినిగారు. ఆవిడ గొంతు పైకి లేవడం నేను వినడం అదే మొదటిసారి.

"తగ్గిపోనాదాండి ఎలకలకి?"

"తగ్గినట్టే ఉంది."

"మరి నాకెప్పుడండి?"

"మనుషుల దాకా రావాలంటే చాలా పరీక్షలుంటాయయ్యా. నాలుగేళ్లు పట్టొచ్చు."

"పన్నెండేళ్లు కాసినాను, నాలుగేళ్లు ఏపాటి? మొట్టమొదట నా పేరు రాసుకోండి. లైన్లో నిలబడతాను, ఒంటికాలి మీదే అనుకోండి."

ఆవిడ నిజంగానే ఒక కాగితం మీద పేరు రాశారు. ఆ రోజు నుంచి పైడయ్య పంజరాలు కడుగుతూ పాడేవాడు. గొంతు బాగుండదు. ఎలకలు అప్పుడూ కాలెత్తలేదు.

పరిశోధన పత్రాన్ని పెద్ద పత్రిక ఒప్పుకుంది. డైరెక్టర్‌గారు విలేకరులని పిలిచారు. పదకొండింటికి నన్ను కెమెరాల ముందు నిలబెట్టాలి. అందుకని ఆ పొద్దున మందాకినిగారు ఏడింటికే వచ్చేశారు, పైడయ్య కన్నా ముందు. పెట్టె తెరిచారు.

పువ్వు.

చాలాసేపు చూశారు. నా కొసని వేలితో తాకి చూశారు. చెమ్మ. త్రాసు దగ్గరికి తీసుకెళ్లి నొక్కారు. రెండున్నర. మళ్లీ నొక్కారు. రెండున్నర. మా అన్నదమ్ములందరినీ వరసగా నొక్కారు. ఇంటిల్లిపాదీ మెత్తబడ్డాం.

పైడయ్య కుంటుకుంటూ వచ్చి, మూత తీసి ఉండడం చూసి నాలిక కరుచుకున్నాడు.

"నానే ఎట్టినానండి. దసరా కాడ్నించి. మందు పనిసెయ్యాలని మొక్కుకున్నాను. తప్పేటండి?"

"తప్పు లేదు పైడయ్యా" అని, ఆవిడ డైరెక్టర్‌గారి గదికి వెళ్లారు, నేను ఇంకా చేతిలోనే ఉండగా.

"ఒక్క పువ్వు కోసం ఇంత గొడవేమిటమ్మా!" అన్నారాయన. "పత్రం వచ్చింది, పుష్పం వచ్చింది, ఇంకేం కావాలి?"

"ఫలం లేదండీ."

"ఎవరికి తెలుసు?"

"నాకు తెలిసిపోయింది కదండీ."

విలేకరులు టీ తాగి, బిస్కెట్లు తిని వెళ్లిపోయారు. నన్ను తేమ పీల్చే గోళీల సీసాలో మూడు రోజులు ఎండబెట్టారు. మళ్లీ నాలుగుకి వచ్చాను. ఈసారి రెండు గుంపులనీ ఒకే రోజుల్లో పొడిచారు. ఉప్పునీళ్ల ఎలకలు కాలెత్తాయి. మందు ఎలకలూ కాలెత్తాయి, అంతే వేగంగా. పదిహేడో నంబరు జోకొట్టింది ఎలకల కణాల్ని కాదు, మనుషుల్ని. ఆవిడ పత్రికకి మూడు వాక్యాల ఉత్తరం రాసి పత్రాన్ని వెనక్కి తీసుకున్నారు. పదహారేళ్ల కొండ ఎక్కడిదక్కడే ఉంది. నాకేమీ అనిపించలేదు. ఆవిడకి ఏమనిపించిందో మొహంలో కనబడలేదు.

పైడయ్యకి చెప్పడం మిగిలింది. పంజరాలు కడిగే చోటికి వెళ్లి, నిలబడే అంతా చెప్పారు. పువ్వు సంగతి దాచలేదు. నన్ను త్రాసు మీద నొక్కకపోవడం తన తప్పని కూడా చెప్పారు. కుళాయి కారుతోంది, ఇద్దరిలో ఎవరూ కట్టలేదు.

"అయితే మేడమ్‌గారూ," అన్నాడు పైడయ్య చివరికి, "ఆ నెల రోజులూ ఎలకలకి నొప్పి ఉన్నట్టేనాండి?"

"ఉన్నట్టే."

"మనం నేదని రాసీసినాం."

"రాశాం."

"గట్టిగా అడగనేదు గదా మరి, అవేటి సెప్తాయి." చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. "నాకూ అలాగే రాసీసినారండి ఒక డాక్టరుబాబు. ఫొటో తీసి, ఏటీ నేదు, పో, అన్నారు. ఆ కాయితం ఇంట్లో ఉంది."

మందాకినిగారు కుళాయి కట్టారు. ఎలకల దాణా బస్తా మీద కూర్చున్నారు. ఎలకల అంకెలు రాసే పుస్తకంలో కొత్త పేజీ తిప్పి, పైన "పైడయ్య" అని రాశారు.

"కూర్చో. ఎక్కడ మొదలవుతుంది, ఎలా ఉంటుంది, మొదట్నుంచీ చెప్పు."

"ఇప్పుడాండి?"

"పదకొండేళ్లు నా పక్కనే పనిచేశావు. నేను అడగలేదు."

తడి తగిలినదాన్ని కాబట్టి నన్ను ఇక నమ్మరు. కొత్త పెట్టె వచ్చింది. నేను పనికిరానివి అని చీటీ అంటించిన సొరుగులో, పగిలిన బీకర్ల పక్కన ఉన్నాను. మందు ఇంకా దొరకలేదు. పైడయ్య పాదం ఇంకా కాలుతూనే ఉంది. బుధవారం బుధవారం ఇప్పుడు పైడయ్య ఒక్కడే రాడు, రేవు నుంచి ఇంకో నలుగురిని తీసుకొస్తాడు. ఆవిడ పుస్తకం పట్టుకుని కూర్చుంటారు. సొరుగు సందులోంచి మాటలు వినబడతాయి. ఎవరో ఒకరు నొప్పి ఎలా ఉంటుందో చెబుతూ చెబుతూ మాట దొరక్క ఆగిపోతారు. అప్పుడావిడ కలం కదలదు. దొరికేదాకా అలా ఊరుకుంటారు.