నీళ్లు తేరుకునేదాకా

లిఫ్టు మెకానిక్కువి ఊరుకునే చేతులు కావు. ఎవరింటికెళ్లినా కుర్చీ కిర్రుమంటే చాలు, దాన్ని తిరగేసి స్క్రూ బిగించిగాని కూర్చోడు. లిఫ్టు రెండంతస్తుల మధ్య ఆగిపోయిందంటే పైనున్న మోటారు దగ్గర్నుంచి కింద తలుపు దాకా ఒక్కొక్కటే చూసుకుంటూ వస్తాడు. తప్పు దొరికేదాకా మంచినీళ్లు కూడా ముట్టడు. వెయ్యి భాగాలుండనీ, రెండు వేలుండనీ, ప్రతిదానికీ ఒక పని, ప్రతి తప్పుకీ ఒక చోటు ఉంటాయని ఆయన నమ్మకం. ఆ నమ్మకం ఆయన్ని ఎప్పుడూ నవ్వులపాలు చెయ్యలేదు, పాపం.

అలాంటి మనిషికి, ఆసుపత్రిలో చేరుతూ, అక్క తన చేపల తొట్టి అప్పగించింది.

"రోజూ చిటికెడు తిండి వెయ్యరా. ఇంక దేన్నీ ముట్టుకోకు. నీ చేతుల సంగతి నాకు తెలుసు," అంది.

అక్క టైలరు. అమ్మ పోయాక కుట్టుమిషను తొక్కి తమ్ముణ్ణి పెంచి పెద్దచేసింది. ఆ మిషను పక్కనే, కిటికీ దగ్గర, తొట్టి. అందులో ఏడు నారింజరంగు చేపలు. ఆవిడ అద్దం మీద వేలితో తడితే ఏడూ ఎగబడి వచ్చేవి. అన్నిటికన్నా ముందొచ్చేది తోకతెగినోడు. ఎప్పుడో తోక చినిగిన చేపకి అక్క పెట్టిన పేరది. "పెళ్లి చేసుకోకపోతేనేం, ఎనిమిదిమంది పిల్లలు నాకు. అందరిలోకీ మొండివాడివి నువ్వే," అని తమ్ముణ్ణి ఆటపట్టించేది.

ఆసుపత్రిలో ఆయన రోజూ డాక్టరమ్మని నిలదీసేవాడు.

"ఏ భాగం పాడైందో అది చెప్పండమ్మా, చాలు."

"ఒక్కటే అయితే చెప్పేదాన్నే," అందావిడ ఓపిగ్గా. "ఊపిరికి మందిస్తే కిడ్నీలు అలుగుతున్నాయి. కిడ్నీల సంగతి చూస్తే గుండె నీరసపడుతోంది. అన్నీ ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయండీ."

చేతకానివాళ్లు చెప్పే కబుర్లివి అనుకున్నాడు. ఒళ్లు మండిపోయింది. చివరికి ఒకరోజు ఆవిడే, "వచ్చేవారం ఇంటికి తీసుకెళ్లండి. ఆవిడ అదే అడుగుతున్నారు," అంది. అర్థం కానట్టు తలూపాడు. అర్థమైంది.

ఇంటికొచ్చి తొట్టి వైపు చూస్తే అద్దాలనిండా పచ్చటి పాచి, గులకరాళ్ల మీద జిగురు, ఫిల్టరు స్పాంజి నల్లగా. అక్క ఆఖరిసారి కళ్లారా చూసుకునేది దీన్నా అనుకున్నాడు. చేపల్ని బకెట్లోకి మార్చాడు. నీళ్లన్నీ పారబోశాడు. ఫిల్టరు విప్పి ముక్కముక్కా కాగితం మీద వరసగా పేర్చాడు. రాళ్లని మరిగే నీళ్లలో ఉడకబెట్టాడు. అన్నీ కడిగి, తుడిచి, ఎక్కడివక్కడ బిగించాడు. ఒక్క నట్టు మిగల్లేదు. మెకానిక్కుకి అంతకన్నా మెప్పేముంటుంది? తొట్టి కొత్త పెళ్లికూతురిలా మెరిసిపోయింది.

మూడునాళ్లు తిరిగేసరికి చేపలన్నీ తేలిపోయాయి. తోకతెగినోడు అందరికన్నా చివర.

ఆయన పైప్రాణాలు పైనే పోయాయి. చేపలమ్మే కొట్టుకి పరుగెత్తాడు.

"పాత నీళ్లు కాసిన్ని ఉంచారా?" అడిగాడు కొట్టాయన.

"చుక్క ఉంచలేదు."

"రాళ్లు?"

"ఉడకబెట్టాను."

కొట్టాయన నెత్తిన చెయ్యి పెట్టుకున్నాడు. "ఆ జిగురే కదండీ తొట్టిని బతికించేది! కంటికి కనబడని ప్రాణులు అందులో కోట్లు. చేపల మురికిని అవే తినేస్తాయి. వాటిని చంపేశారు. చేపలు తమ మురికిలోనే పోయాయి."

"మళ్లీ తెప్పించాలంటే?"

"మా తొట్టిలో రాళ్లు గుప్పెడిస్తాను. వేసి ఊరుకోండి."

"ఎన్నాళ్లు పడుతుంది?"

"చెప్పలేను."

"సుమారుగా?"

"చెప్పలేనండీ. అవి కుదురుకోవాలి."

ఇప్పుడే చేపలొద్దని కొట్టాయన మొత్తుకుంటున్నా వినకుండా, ఆ రాళ్లతోపాటు అదే రంగువి, అదే సైజువి ఏడు ఏరుకొచ్చాడు. తోక చినిగింది మాత్రం దొరకలేదు. ఇంట్లో కత్తెర పట్టుకుని ఒకదాని వైపు చాలాసేపు చూశాడు. చేతులు రాలేదు.

అక్కని తీసుకొచ్చి తొట్టి పక్కనే మంచం వేశారు. ఆవిడ కష్టపడి చెయ్యి చాచి అద్దం మీద తట్టింది. చేపలన్నీ బెదిరి అవతలి మూలకి పోయి నక్కాయి. మళ్లీ తట్టింది. ఒక్కటీ కదల్లేదు.

"తోకతెగినోడు ఏడిరా?"

"తోక... మళ్లీ పెరిగిందక్కా."

అక్క నవ్వింది. నవ్వు దగ్గయి, దగ్గు ఆయాసమై, చాలాసేపటికి గాని తగ్గలేదు. "అబద్ధం కూడా గట్టిగా బిగించి మరీ చెబుతావురా," అంది.

ఆయనకి ఏడుపొచ్చింది. "శుభ్రం చేద్దామనుకున్నానక్కా. మొత్తం నేనే చంపేశాను."

"తెలుసులే. అద్దం చూడగానే తెలిసింది."

"ఇప్పుడేం చెయ్యమంటావు?"

"ఏం చెయ్యకు. కూర్చో. నేను తట్టినప్పుడల్లా చిటికెడు తిండి వెయ్యి."

నీళ్లు విరిగిన పాలలా తయారయ్యాయి. రెండు చేపలు పోయాయి. ఆయన చేతులు దురద పెట్టాయి గాని ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. అక్క ఊపిరి ఎగసిపడుతుంటే వింటూ కూర్చున్నాడు. పుట్టి బుద్ధెరిగాక ఏ పనీ లేకుండా అక్క పక్కన కూర్చోవడం అదే మొదలు. ఆవిడ తట్టేది, ఆయన వేసేవాడు, చేపలు వచ్చేవి కావు. "కొత్తవాళ్లు కదా, సిగ్గు," అనేది అక్క. రోజురోజుకీ ఆ తట్టే చప్పుడు సన్నబడింది. ఒకనాడు వేలు అద్దం దాకా వెళ్లలేదు.

అక్క పోయిన కొన్నాళ్లకి, కుట్టుమిషను మీద దుప్పటి కప్పుదామని ఆయన ఆ గదిలోకి వెళ్లాడు. తొట్టిలో నీళ్లు తేటగా ఉన్నాయి. ఎప్పుడు తేరుకున్నాయో, ఎలా తేరుకున్నాయో తెలియదు. రోజూ చిటికెడు తిండి వేసి వెనక్కి తిరిగిపోవడమే తప్ప ఆయన చేసిందేమీ లేదు.

ఊరికే, వేలితో అద్దాన్ని తట్టాడు.

ఐదు చేపలూ ఎగబడి వచ్చాయి.

"ఇప్పుడా రావడం?" అని వాటిని కోప్పడ్డాడు. అద్దం మీది వేలు తియ్యకుండానే, అక్క స్టూలు మీద కూలబడి బావురుమన్నాడు.