రేవతి దాటేదాకా

తాడేపల్లిగూడెంలో నా నోరంటే భయపడనివాళ్ళు లేరు. సంతకు వచ్చే వర్తకులు, ఏలూరు కోర్టుకు పోతూ ఒక పూట ఆగే కక్షిదారులు, అందరిదీ ఒకటే మాట. "వెంకటనరసమ్మగారి పూటకూళ్ళింట్లో భోజనం అమృతమండి. ఆవిడ నోరే..." అని అక్కడ ఆగిపోయేవారు. ఆగిన చోట ఏముందో నాకు తెలియకపోలేదు. మొగుడు పోయిన మనిషి పరాయి మగాళ్ళకు గదులిచ్చి, అన్నం పెట్టి బతకాలంటే నోరు మెత్తగా ఉంటే సాగదు.

మా ఆయన నాకు మిగిల్చిపోయింది స్టేషనుకు దగ్గర్లో ఆ పెంకుటిల్లు ఒక్కటే. ముందు అరుగు, లోపల నాలుగు గదులు, వెనక పెరడు. పెరటి చివర బండ్లు విప్పుకోవడానికి తాటాకు సావిడి, దానికి గోడలు లేవు. పెంటపాడులో మా మరిది ఉన్నాడు. "ఆ పూటకూళ్ళు కట్టిపెట్టి మా ఇంటికి వచ్చెయ్యి వదినా" అని ఏటా పిలిచేవాడు. ఆ పిలుపులో ప్రేమపాలెంతో, వాళ్ళింటిల్లిపాదికీ వండి వార్చే మనిషి కావాలన్న అవసరమెంతో నేనెరుగుదును. ఆ ఇల్లు చేతిలో ఉన్నంతకాలం నేనొకరి వంటింట్లో ముసుగేసుకుని బతకక్కరలేదు. ఈ సంగతి ముందే చెబుతున్నాను. తరవాత నేను చేసిన పనికి ఇది సమర్థన కాదు, కారణం మాత్రమే.

ముత్యాలరాజుగారు ఆకివీడు అవతల కొల్లేటి లంక మనిషి. ఒకప్పుడు పొలం పుట్రా ఉన్నవారే. ఒక ఏటి వరదకు కొల్లేరు పొంగి ఇల్లు కూలిపోయింది, పొలం నీళ్ళపాలైంది. భార్య అంతకుముందే పోయింది, పిల్లలు లేరు. అప్పటినుంచి లంకల్లో తుంగ చాపలు నేయించి, బండి మీద కట్టలు కట్టించుకుని గూడెం సంతకు తెచ్చేవారు. రాజులు చాపలమ్మడమేమిటని అరుగు మీద కూర్చున్నవాళ్ళు నవ్వుకునేవారు. ఒకసారి నేనూ ఊరుకోలేదు.

"ఏవండీ రాజుగారూ, సింహాసనాలు దొరకలేదా అమ్మడానికి?" అన్నాను.

"ఆయ్, సింహాసనం ఎక్కినోళ్ళు కూడా ఆఖరికి దిగి చాప మీదే పడుకోవాలి కదండీ" అన్నారాయన, తలపాగా విప్పుకుంటూ.

నా మాటకు ఎదురుమాట పడడం గూడెంలో అదే మొదటిసారి.

సంతకు వచ్చినప్పుడల్లా ఆయనకు తూర్పు గదే కావాలి. అది ఖాళీ లేకపోతే అరుగు మీద పడుకునేవారు గాని వేరే గదిలోకి వెళ్ళేవారు కాదు. నాలుగైదేళ్ళు గడిచేసరికి నేనే ఆ గది సంతరోజున ఇంకెవరికీ ఇవ్వడం మానేశాను. ఆయన పాత కిర్రుచెప్పులు, ఒక ట్రంకుపెట్టె, గోడకు రాముడి పటం ఆ గదిలోనే ఉండిపోయేవి. తొమ్మిదో ఏడు కార్తీకంలో ఒకనాడు గదిలోకి తొంగిచూస్తే ఆయన నేల మీద కూర్చుని మూర వేసి కొలుస్తున్నారు.

"ఏమిటండీ ఆ కొలతలు? నా ఇల్లు గానీ కొంటారా?"

"గచ్చు చల్లగా ఉందండి. గోడనుంచి గోడదాకా సరిపోయే చాపొకటి నేయిస్తానండి."

"మీ ఇల్లయినట్టు!"

ఆయన మూర వేసిన చెయ్యి అలాగే నేలకు ఆన్చి, "నా ఇల్లు కొల్లేరు తీసుకుందండి. ఇప్పుడు ఇల్లంటే నాకీ గదే గుర్తొస్తాది. తమరేమీ అనుకోకపోతే, ఆఖరికి ఇక్కడే కన్నుమూస్తే బాగుణ్ణనిపిస్తాదండి" అన్నారు.

"శుభమా అని సంతకొచ్చి ఈ మాటలేమిటి, లేవండి, విస్తరి వేశాను" అని కసిరాను. నాకు లోపల ఎక్కడో సంతోషం కలిగింది. నా ఇంటిని ఇల్లన్నవాళ్ళు అంతకుముందెవరూ లేరు.

మార్గశిరంలో సుబ్బారాయుడి షష్ఠికి ఆయన జ్వరంతోనే వచ్చారు. తీర్థంలో చాపలు బాగా పోతాయని రెండు బండ్ల సరుకు తెచ్చారు. దారిలో మంచుకు తడిసి, షష్ఠినాడు సాయంత్రానికి మాట కూడా రాకుండా పడిపోయారు. సప్తమినాడు పొద్దున్నే కాంపౌండరు క్రీస్తుదాసును పిలిపించాను. అతను వీపు మీద చెవిపెట్టి విని, నన్ను గది బయటికి తీసుకొచ్చాడు.

"నెమ్ము చేసిందండి అమ్మగారూ. ఈ రోజు గడవడం కష్టంలాగుంది. గడిచిందా, బతికినా బతకొచ్చండి. చలిగాలి మాత్రం తగలనివ్వకండి. తలుపులేసి, కుంపటి పెట్టి, వెచ్చగా ఉంచండి."

ఈ మాట నేను విన్నాను. రెండు చెవులతోనూ విన్నాను.

మా ఇంట్లో రోజూ మధ్యాహ్నం భోజనం చేసే సిద్ధాంతిగారొకరు ఉండేవారు. ఆయన ఆపోశన పట్టబోతూ తూర్పు గది వైపు చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు.

"అమ్మా, ఈ పూట ధనిష్ఠ ప్రవేశించింది. తెలుసునా?"

తెలియని ఇల్లాలెవరు? ధనిష్ఠ మొదలు రేవతి వరకు అయిదు నక్షత్రాలు, అయిదు రోజులు. ఆ రోజుల్లో ఇంట్లో ప్రాణం పోతే ఇల్లు పాడుపెట్టాలి. ధనిష్ఠలో అయితే ఆరు నెలలు. తలుపులకు తాళం వేసి, దీపం పెట్టకుండా, మనిషి అడుగు పడకుండా వదిలెయ్యాలి. అదే పెరటి సావిట్లో పోతే ఇంటికి దోషం అంటదు. అందుకే అలాంటి రోజుల్లో ప్రాణం మీదికి వచ్చినవాళ్ళను బయటికి చేరుస్తారు. సొంత తల్లిని చేర్చినవాళ్ళున్నారు. ఊరంతా చేసేదే.

అరుగు మీదివాళ్ళు కూడా అప్పటికే గుసగుసలాడుతున్నారు. "పాడుపెట్టిన ఇంట్లో మళ్ళీ ఎవరు దిగుతారండీ" అన్నారెవరో, నాకు వినిపించేలాగే. నాకు పెంటపాడు వంటిల్లు కళ్ళముందు కనబడింది. ఆ పొగ, ఆ పెద్ద డేగిసాలు, మా తోడికోడలి పిలుపు.

చెప్పేద్దామని తూర్పు గదిలోకి వెళ్ళాను. మంచం పక్కన నిలబడ్డాను. ఊరంతటినీ ఊడ్చిపెట్టే నోరు పెగల్లేదు. ఆయనే కళ్ళు తెరిచారు.

"ఈ వేళ ఏ నక్షత్రమండీ?"

"ధనిష్ఠ."

ఆయన కాసేపు గోడమీది పటం వైపు చూశారు. "అయితే నా పక్క సావిట్లో వేయించండి. ఆడకూతురు, ఇంటిమీద బతుకుతున్నారు. నా మూలంగా మీ ఇంటికి తాళం పడకూడదండి" అన్నారు.

నన్ను అడగనివ్వకుండా తనే అన్నారు. హమ్మయ్య అనుకున్నాను. అవును, ఆ క్షణాన నేననుకున్నది అదే. ఈనాటికీ ఆ హమ్మయ్య నా గొంతులో అడ్డంపడుతుంది.

సావిట్లో గడ్డి పరిపించి పక్క వేయించాను. మా ఇంట్లో అంట్లు తోమే గంగారత్నం కొల్లేటి పక్క మనిషే. అది నన్ను అడక్కుండానే, అమ్మకానికి తెచ్చిన చాపల కట్టలు విప్పి సావిడి చుట్టూ కట్టింది. గాలి ఆ చాపల్ని తోసుకుంటూనే ఉంది.

ఆ రోజు గడిచింది. ఆయన పోలేదు.

రెండో రోజు పొద్దున జావ పట్టుకుని వెళుతూ పెరటి మధ్యలో ఆగాను. దూరంనుంచే దుప్పటి వైపు చూశాను, కదులుతోందా లేదా అని. కదిలింది. "శతభిషమాండీ ఈ వేళ?" అన్నారు నన్ను చూసి. అవునన్నాను. వేళ్ళు మడిచి లెక్క చూసుకున్నారు.

మూడో రోజుకు జ్వరం జారింది. జావ మొత్తం తాగారు. గంగారత్నం పరుగెత్తుకుంటూ వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"అమ్మగారండీ, రాజుగారు తేరుకున్నారండి. లేచి కూకున్నారు. ఇంక లోపలికి తెచ్చేద్దామండి. ఆ మంచు పడితే మడిసి ఆగడండి."

"ఇంకా మూడు నక్షత్రాలున్నాయే" అన్నాను.

"మడిసి బాగున్నాడు కదండీ!"

"మళ్ళీ తిరగబెడితే? అప్పుడు రాత్రికి రాత్రి మళ్ళీ బయటికి మోస్తామా? నువ్వు నాకు చెప్పొచ్చావు, పో, గిన్నెలు చూసుకో."

అది వెళ్ళిపోయింది. క్రీస్తుదాసు మాట నాకు గుర్తులేక కాదు. బతికే మనిషిని చూస్తూ కూడా చావునే లెక్కవేసుకున్నాను. అదీ నా తెలివి.

నాలుగో రోజు మధ్యాహ్నం ఎండలో కూర్చోబెట్టాం. గడ్డం పెరిగింది, బుగ్గలు పీక్కుపోయాయి, కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. తాపీగా, ఎదుటివాళ్ళకు ఇబ్బంది కలగకూడదన్నట్టు అడిగారు.

"గదిలోకి వచ్చెయ్యచ్చాండీ?"

ఆయన నన్ను అడిగింది ఆ ఒక్కసారే. తొమ్మిదేళ్ళలో ఉప్పు తక్కువైందని కూడా అనని మనిషి.

"ఉత్తరాభాద్రండీ ఈ రోజు. ఇంకొక్క రోజు ఓపికపట్టండి రాజుగారూ. రేవతి దాటనివ్వండి."

"ఆయ్, దాటనివ్వండి" అన్నారు. అని సావిడి వైపు తిరిగారు.

ఆ రాత్రి తూర్పుగాలి వీచింది. ఏకాదశినాడు, రేవతిలో, దగ్గు మళ్ళీ మొదలైంది. మధ్యాహ్నానికి ఎగశ్వాస. క్రీస్తుదాసును పిలిపిస్తే, సావిట్లో ఉన్న మనిషినీ, గోడల్లేని ఆ నాలుగు స్తంభాలనీ చూసి, నా ముఖం చూడకుండా సంచి సర్దుకున్నాడు. "గదిలో ఉంచమన్నానండి" అని మాత్రం అన్నాడు. అంత మర్యాదగా అన్నందుకు అతన్ని తిట్టబుద్ధేసింది. నాలుగు చీవాట్లు పెట్టి ఉంటే నాకు తేలికయ్యేది.

అప్పుడైనా లోపలికి తీసుకురావచ్చు. తీసుకురాలేదు. అయిదు రోజులు ఆగినదాన్ని, ఇంకొక పూట ఆగలేనా అనుకున్నాను. ఆయన గంటకోసారి గంగారత్నాన్ని అడుగుతున్నారట, "రేవతి ఎంతదాకానే?" అని.

ద్వాదశినాడు పొద్దెక్కాక అశ్విని వచ్చింది. సిద్ధాంతిగారి చేత రెండుసార్లు పంచాంగం చూపించాను. తూర్పు గది కడిగి ముగ్గేశాను, కుంపటి రాజేశాను, రాముడి పటం ముందు దీపం పెట్టాను. ఇద్దరు బండివాళ్ళను వెంటబెట్టుకుని పెరట్లోకి పరుగెత్తాను. నా వయసులో ఎవరూ అలా పరుగెత్తరు.

"రాజుగారూ! రేవతి వెళ్ళిపోయిందండీ. అశ్విని వచ్చేసింది. లేవండి, మన గదికి పోదాం."

మన గది అన్నాను. ఆయన కళ్ళు తెరిచారు.

"దాటిందాండీ?"

"దాటింది."

"ఆయ్... ఇంక మీ ఇంటికి భయం లేదండి."

బండివాళ్ళు చాప నాలుగు కొసలూ పట్టి ఎత్తారు. సావిడినుంచి పెరటి గుమ్మానికి నలభై అడుగులు. గంగారత్నం తల పక్కన నడుస్తోంది. తులసికోట దాటారో లేదో, అది "అమ్మగారండీ" అని ఆగిపోయింది. బండివాళ్ళూ ఆగారు. దీపం పెట్టిన గది తలుపు అక్కడినుంచి కనబడుతూనే ఉంది.

ప్రాణం పోయిన మనిషిని ఇంట్లోకి తీసుకురారు. అది ఏ నక్షత్రమైనా సరే. బండివాళ్ళు నా వైపు చూశారు. నేను అరుగువాళ్ళ వైపు చూశాను. వాళ్ళంతా పెరటి గుమ్మంలోకి వచ్చి నిలబడ్డారు. లోపలికే పదండి, ఎవరేమంటారో నేను చూస్తాను అనాలి. ఆ ఒక్క మాట అనడానికే దేవుడు నాకంత నోరిచ్చాడేమో. "దించండి" అన్నాను.

ఊళ్ళో రాజులు నలుగురు వచ్చి జరగవలసింది జరిపించారు. అరుగు మీదివాళ్ళు నన్ను మెచ్చుకున్నారు. ఎంత ముందుచూపో, ఇల్లు నిలబెట్టుకుందన్నారు. ఇంటికి ఒక్క పూటైనా తాళం పడలేదు. మర్నాడు ఎప్పటిలాగే పాతిక విస్తళ్ళు లేచాయి.

పై వారం సంతకు ఆకివీడు బండి సత్తియ్య వచ్చి, పెరట్లో బండి ఆపి, భుజం మీద పెద్ద చాపచుట్ట మోసుకొచ్చాడు. వాడికింకా కబురు తెలియదు.

"రాజుగారు లోపలున్నారాండీ? తూర్పు గదికని కొలతిచ్చి నేయించారండి. అంచు ఎర్రగా ఉండాలని మరీ మరీ చెప్పారండి. బాగా కుదిరిందండి."

నేను చెప్పాను. వాడు చుట్ట అక్కడే పెట్టి, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకుని నిలబడ్డాడు.

చాప నేనే పరిచాను. గోడనుంచి గోడదాకా, అంగుళం ఎక్కువా కాలేదు, తక్కువా కాలేదు. దాని మీద కూర్చుని ఏడ్చాను. మా ఆయన పోయినప్పుడు కూడా అంత ఏడవలేదు. తరవాత బయటికి వచ్చి ఆ గదికి తాళం వేశాను. ఆరు నెలలు తియ్యనన్నాను.

సిద్ధాంతిగారు ఆశ్చర్యపోయారు. "అదేమిటమ్మా, అశ్వినిలో కదా పోయారు? అదీ పెరట్లో. ఇంటికి ఏ దోషమూ లేదు."

"ఉందండి. మీ పంచాంగంలో కనబడదు" అన్నాను.

ఆయన విస్తరి ముందు కూర్చున్నారు. నేను ఆయనకు వడ్డించాను. జ్యేష్ఠమాసంలో తాళం తీశాను. గంగారత్నం చాప మీది దుమ్ము దులిపి, మళ్ళీ అలాగే పరిచింది.